ఒక కోట, ఒక కోన: తిరుపతి నుంచి ఒక్కరోజు యాత్రను నడిపించే తీరు

తిరుమల దర్శనం ముగించుకొని, రైలెక్కడానికి ఇంకా ఒక రోజు మిగిలి ఉన్న బంధువులు ఇంట్లో ఉన్నప్పుడు, వారిని ఎక్కడికి తీసుకువెళ్లాలన్నది తిరుపతి వాసులకు తరచూ ఎదురయ్యే ప్రశ్న. దానికి నేను కొన్నేళ్లుగా ఇస్తున్న సమాధానం ఒక్కటే: పొద్దున ఒక పాత కోట, మధ్యాహ్నం ఒక కోన, అంతకు మించి మరేమీ వద్దు. ఈ నియమం నాకు ఊరికే అబ్బలేదు. ఒకసారి మా మేనల్లుళ్ల కుటుంబాలను వెంటబెట్టుకొని ఒకే రోజులో ఐదు చోట్లు చూపిస్తానని బయలుదేరి, తలకోన చేరేసరికి సాయంత్రం నాలుగున్నర కావడంతో, పిల్లలు నీళ్లలో కాళ్లయినా సరిగా తడుపుకోకముందే అటవీ సిబ్బంది ఈల వేసి మమ్మల్ని వెనక్కి పంపించారు. ఆ రోజు దారి పొడవునా మా అక్కయ్య నాతో మాట్లాడలేదు.

చంద్రగిరి కోట, తలకోన జలపాతం ఒకే దిక్కున, ఒకే దారిలో ఉండటం మన అదృష్టం. చంద్రగిరి తిరుపతికి పన్నెండు, పదమూడు కిలోమీటర్ల దూరంలో ఉంటే, అదే దారిలో రంగంపేట, భాకరాపేట, నెరబైలు మీదుగా సాగితే, తిరుపతి నుంచి లెక్కించినప్పుడు అరవై కిలోమీటర్ల లోపే తలకోన వస్తుంది. కాబట్టి వెనక్కి తిరగాల్సిన అవసరం లేకుండా యాత్ర ముందుకు సాగుతుంది.

రోజును ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. చంద్రగిరి రాజమహల్‌లోని పురావస్తు ప్రదర్శనశాలకు శుక్రవారం సెలవు కనుక ఆ రోజు పనికిరాదు. ఆదివారం తలకోనలో జనం కిక్కిరిసి ఉంటారు, శివరాత్రికి సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర తిరునాళ్ల రద్దీ ఉంటుంది. మంగళ, బుధ, గురువారాలలో ఏదైనా ఒకటి మేలు. ఇక కాలం విషయానికి వస్తే, మన ప్రాంతానికి అసలైన వానలు ఈశాన్య రుతుపవనాల వల్ల అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తాయి. ఆ వానలు వెలిసిన తర్వాత, అంటే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు, నీరు నిండుగానూ తేటగానూ ఉంటుంది. నడివేసవిలో ధార సన్నబడిపోతుంది. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజున మాత్రం ఎవరు ఎంత ముచ్చటపడినా యాత్రను వాయిదా వేయడమే బాధ్యత. 2021 నవంబరులో తిరుపతిని ముంచెత్తిన వానలకు స్వర్ణముఖి ఎంత ఉద్ధృతంగా పారిందో, తిరుమల ఘాట్ రోడ్ల మీద కొండచరియలు ఎలా విరిగిపడ్డాయో చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

చాలామంది చేసే పొరపాటు రోజంతటికీ ఒకే గైడును కుదుర్చుకోవడం. కోటను వివరించగలవారు వేరు, కోనను ఎరిగినవారు వేరు. కోటకు శాసనాలు, రాజవంశాలు తెలిసినవారు కావాలి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర చదివే విద్యార్థులలో ఆసక్తి ఉన్న ఒకరిని ముందుగా అడిగి, తగిన పారితోషికం ఇచ్చి వెంటబెట్టుకుంటే, వారు చెప్పే విషయం నికరంగా ఉంటుంది. కోనకు మాత్రం అక్కడి పల్లెలలో పుట్టి పెరిగినవారు, వన సంరక్షణ సమితి తరఫున పనిచేసేవారు తప్ప మరొకరు పనికిరారు. ఏ రాయి జారుతుందో, ఏ మడుగులో నిలువెత్తు లోతు ఉందో పుస్తకాలలో దొరకదు. ఇచ్చే డబ్బు ఎంతో, ఎన్ని గంటలకో, ఎంతమందికో బయలుదేరకముందే స్పష్టంగా మాట్లాడుకోవాలి. కారు డ్రైవరే గైడుగా కూడా ఉంటానంటే మర్యాదగా వద్దనడం మంచిది, ఎందుకంటే ఆయన మనసంతా బండి నిలిపిన చోటు మీదే ఉంటుంది.

ఉదయం ఎనిమిదికి బయలుదేరితే, ప్రదర్శనశాల తెరిచే పది గంటలలోపు శ్రీనివాసమంగాపురంలోని కల్యాణ వేంకటేశ్వరస్వామిని దర్శించుకోవచ్చు. పద్మావతీ పరిణయం తర్వాత స్వామి ఆరు నెలలు ఇక్కడ ఉన్నారన్న స్థలపురాణం అందరికీ తెలిసినదే. అంతగా తెలియనిది ఏమిటంటే, 1540 నాటి శాసనం ప్రకారం ఈ గుడిలో ఆగిపోయిన పూజలను తిరిగి జరిపించినవారు అన్నమాచార్యుల మనుమడైన తాళ్లపాక చిన తిరుమలాచార్యులు. అప్పుడు రాజ్యమేలుతున్న అచ్యుతదేవరాయలు అంతకుముందు చాలాకాలం గడిపినది పక్కనే ఉన్న చంద్రగిరి కోటలోనే కాబట్టి, ఈ కథతోనే కోటలోకి ప్రవేశించడం సొగసుగా ఉంటుంది.

కోటకు కనీసం రెండు గంటలు కేటాయించాలి. వచ్చినవారు ప్రాకారం దాటగానే నేరుగా రాజమహల్ వైపు పరుగెడతారు. వారిని ఒక్క క్షణం ఆపి, ముందు కొండను చూపించండి. కోట రెండు అంచెలుగా ఉంటుంది: కొండ మీద పై కోట, కొండ పాదాన గోడల నడుమ కింది కోట. వీపును కొండకు ఆనించుకొని, ముందువైపు మాత్రమే గోడలతో కాచుకున్న ఈ అమరికను కళ్లతో గ్రహించిన తర్వాత, దీనిని విజయనగర రాజులు రాజధానిగా ఎందుకు ఎంచుకున్నారో వేరే చెప్పవలసిన పని ఉండదు. యాదవరాయల కాలం నాటి ఈ కోట పదిహేనో శతాబ్దంలో సాళువ నరసింహుడి చేతిలో ప్రాముఖ్యం పొందింది. ఇక్కడి నుంచి బలం కూడగట్టుకొనే ఆయన 1485లో విజయనగర సింహాసనాన్ని అధిష్ఠించాడు. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత హంపి పాడుపడగా, పెనుకొండకు తరలిన రాజధాని వేంకటపతిరాయల కాలంలో 1592లో చంద్రగిరికి వచ్చింది. శ్రీకృష్ణదేవరాయల పేరు చెప్పనిదే ఇక్కడ ఏ గైడూ కథ మొదలుపెట్టడు, కానీ ఈ కోట మహర్దశకు ఆయన కంటే సాళువ నరసింహుడు, వేంకటపతిరాయలే ముఖ్యులని నా అభిప్రాయం.

రాజమహల్ మూడంతస్తుల మేడ, రాణీమహల్ రెండంతస్తులది. రాయి, ఇటుక, సున్నంతోనే కట్టిన రాజమహల్‌లో పైకప్పులకు సైతం కలప వాడలేదు. ఈ సంగతి ముందే చెప్పి, పిల్లలను తలెత్తి దూలం ఎక్కడుందో వెతకమనండి. పది నిమిషాలు వారి అల్లరి ఉండదు. కమానుల వరుసలు ముస్లిం కట్టడాల తీరును, పైనున్న శిఖరాలు గుడి గోపురాల తీరును గుర్తుచేస్తాయి. ఆ రెండు పద్ధతులూ ఒకే గోడలో ఎలా ఇమిడిపోయాయో చూడాలంటే మేడ దగ్గరకు పోకుండా, ఎదుటి పచ్చికలో కొంత దూరాన నిలబడాలి. లోపలి ప్రదర్శనశాలలో రాతి విగ్రహాలు, కంచు విగ్రహాలు ఉన్నాయి. అన్నింటినీ చూడబోతే అలసట మిగులుతుంది కనుక, నచ్చిన నాలుగింటి దగ్గర నింపాదిగా నిలబడటం మేలు.

తూర్పిండియా కంపెనీకి మద్రాసు స్థలాన్ని రాసిచ్చినది ఈ మేడలోనేనని గైడ్లు గట్టిగా చెబుతారు. అక్కడ కొంచెం వివరం అవసరం. 1639లో ఆ స్థలం ఇచ్చినవాడు రాయల సామంతుడైన దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆ హక్కును విజయనగర రాజైన శ్రీరంగరాయలు 1645లో మళ్లీ ధ్రువపరిచాడు. మరుసటి ఏడాదే కోట గోల్కొండ వశమైంది, 1782లో హైదరాలీ చేతికి చిక్కింది. మద్రాసు నుంచి వచ్చిన అతిథులకు ఈ మేడ ముందు నిలబడి ఈ కథ చెబితే వారి ముఖాలలో కలిగే మార్పు చూడదగినది.

పై కోటకు ఎక్కాలన్న ఉత్సాహాన్ని ఈ యాత్రలో మానుకోవాలి. ఎండలో కొండెక్కి దిగినవారికి మధ్యాహ్నం కోనలో నడిచే ఓపిక ఉండదు, అలసిన కాళ్లే తడి రాళ్ల మీద జారుతాయి.

పన్నెండు లోపు చంద్రగిరి విడిచిపెట్టాలి. భాకరాపేట ఘాట్‌లో మలుపులు ప్రమాదకరమైనవి. అక్కడ ముందు బండిని దాటవద్దని డ్రైవరుకు మొహమాటం లేకుండా చెప్పండి. భోజనం ఇంటి నుంచి కట్టుకుపోయిన పులిహోర, పెరుగన్నమే శ్రేయస్కరం. సంగటి, నాటుకోడి పులుసు, ఊరుబిండి ఎంత ఊరించినా, కడుపు నిండా తిని నీళ్లలోకి దిగడం తగదు కాబట్టి వాటిని రాత్రికి దాచుకోవాలి. ప్లాస్టిక్ సంచులు, మద్యం అడవిలోకి తీసుకుపోకూడదు. సద్దిమూట కోతుల కంట పడకుండా బండిలోనే ఉంచి, తిరిగివచ్చాక తినడం మా అలవాటు. నీళ్లలోకి దిగేముందు రెండేసి అరటిపండ్లు చాలు.

తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనంలో భాగం. ఈ అడవులున్న శేషాచలం కొండలను 2010లో జీవావరణ పరిరక్షణ కేంద్రంగా ప్రకటించారు. ఎర్రచందనం చెట్టును చూపించమని మీ గైడును అడగండి, కానీ రాలిన చెక్కముక్కనైనా సంచిలో వేసుకోకండి. ఇక్కడ అది జైలు దాకా తీసుకుపోయే నేరం. సిద్ధేశ్వరస్వామి గుడి దాటిన తర్వాత జలపాతానికి కాలిబాటన పోవాలి. 270 అడుగుల ఎత్తు నుంచి దూకే ఈ ధార ఆంధ్రప్రదేశ్‌లో అన్నింటికంటే ఎత్తైనది. కోట ఉన్న కొండ గ్రానైటు. కోనలో నిట్టనిలువుగా లేచిన గోడలు క్వార్ట్‌జైట్ శిలలు. ఆ శిలల నెర్రెలలో ఇంకిన వాన నీరు మెల్లమెల్లగా ఊరుతూ దిగుతుంది కనుకనే వానలు వెలిసిన చాలా వారాల తర్వాత కూడా ధార ఆగదు. మెక్సికోలోని యుకటాన్‌లో మాయా శిథిలాలు చూడటానికి వెళ్లినవారు ఈతకు దిగే సెనోటేలు సున్నపురాతి నేల కుంగి బయటపడిన భూగర్భజల బావులు. మన గుండాలు అలాంటివి కావు. ఇవి పైనుంచి దూకే నీరు తొలిచిన గుంతలు కాబట్టి, ఇక్కడ ప్రమాదం కూడా పైనుంచే వస్తుంది.

అందువల్ల నీళ్లలో దిగే పద్ధతిని కాస్త వివరంగా చెప్పవలసి ఉంది. చేరగానే ఎవరినీ దిగనివ్వకుండా, స్థానికుడైన గైడును ముందు దింపి, ఎక్కడి వరకు నడుము లోతో చూపించమనాలి. ఆ హద్దు దగ్గర ఒక తాడు కట్టించి, పిల్లలు దానిని దాటకూడదని గట్టిగా చెప్పాలి. గట్టు మీద నుంచి తలకిందులుగా దూకడం ఏ పరిస్థితిలోనూ కూడదు, ఎందుకంటే నీరు ఎంత తేటగా కనిపించినా అడుగున ఉన్న బండ ఎంత లోతున ఉందో కంటితో సరిగా అంచనా వేయలేం, పోయిన వానకు కొత్త రాయి ఎక్కడ వచ్చి చేరిందో ఎవరికీ తెలియదు. సరిగ్గా ధార కింద నిలబడటం అందరికీ సరదాయే కానీ, నీటితోపాటు పైనుంచి గులకరాయి రాలినా తల పగులుతుంది. పక్కకు చిందే తుంపరలలో తడిస్తే చాలు. పాచి పట్టిన నల్లటి రాళ్ల మీద చెప్పులు లేకుండా, అడుగు అడ్డంగా వేస్తూ, చేతితో కూడా ఆనుకొని నడవాలి. రాతి గోడలకు పెద్ద తేనెపట్లు ఉంటాయి కాబట్టి పొగ పెట్టకూడదు, ఘాటైన అత్తర్లు పూసుకురాకూడదు.

అన్నింటికంటే ముఖ్యమైన పాఠం నాకు చెప్పింది నెరబైలు వైపు పల్లెకు చెందిన ఒక పెద్దాయన. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఆయన మడుగు అంచున కూర్చొని, మా గుంపును ఉద్దేశించి, "స్వామీ, నీళ్లు ఎర్రబారినాయంటే గుడ్డలు కూడా ఎత్తుకోబాకండి, గట్టెక్కేయండి" అన్నాడు. పైన ఎక్కడో కురిసిన వాన మనకు కనిపించదు. నీటి రంగు మారడం, ఆకులూ పుల్లలూ ఒక్కసారిగా కొట్టుకురావడం, ధార చప్పుడు బరువెక్కడం మాత్రమే దాని కబురును ముందుగా తెస్తాయి. అప్పటి నుంచి మా గుంపులో ఒకరు వంతులవారీగా నీళ్లలో దిగకుండా పై ధారను చూస్తూ కూర్చోవాలన్నది నియమం. ఎవరైనా మునుగుతున్నట్టు కనిపిస్తే వెనకాముందూ చూడకుండా నీళ్లలోకి దూకవద్దు, గట్టు మీద నుంచే కర్రో తాడో గాలి నింపిన ట్యూబో అందించాలి. కోనలో ఫోన్ సిగ్నల్ నమ్మదగినది కాదు కాబట్టి, 108కి ఎక్కడి నుంచి ఫోన్ చేయగలమో చెక్‌పోస్టు దగ్గరే అడిగి తెలుసుకోవాలి.

బృందంలో మోకాళ్ల నొప్పులున్న పెద్దవారో, మరీ చిన్న పిల్లలో ఉంటే ఈ పడమటి దారిని విడిచి తూర్పు దారి పట్టడం మంచిది. అక్కడ కోటకు బదులు గుడిమల్లం. ఏర్పేడు మండలంలో స్వర్ణముఖి ఒడ్డున ఉన్న పరశురామేశ్వర ఆలయంలోని అయిదడుగుల శివలింగం క్రీస్తుపూర్వానికి చెందినదని ఎక్కువమంది పండితుల అంచనా. లింగం మీదనే గొర్రెపోతును చేతపట్టి, భుజాన గొడ్డలితో, మరుగుజ్జు భుజాల మీద నిలబడిన శివుడు చెక్కి ఉన్నాడు. గర్భగుడి వెనుక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. బయటి నుంచి ఒక ప్రదక్షిణ చేస్తేనే అది తెలుస్తుంది. అక్కడి నుంచి రేణిగుంట, పుత్తూరు, నారాయణవనం మీదుగా కైలాసకోన చేరితే, సుమారు నలభై అడుగుల ఎత్తు నుంచి ఏడాది పొడవునా పడే ధార కింద పెద్దవారు సైతం తడిసి రావచ్చు. నాగలాపురం అడవిలోని మడుగులు ఇంతకన్నా అందమైనవే, కానీ అవి గట్టిగా నడవగలిగిన యువకులకు వేరే రోజున పెట్టుకోవలసిన యాత్ర.

తలకోన నుంచి నాలుగు గంటలకల్లా బయలుదేరాలి. చీకటి పడకముందే ఘాట్ దాటడం, పొద్దువాలే వేళ జంతువుల దారికి అడ్డు రాకపోవడం రెండూ అవసరమే. నీళ్ల నుంచి వచ్చినవారందరినీ బండెక్కించేముందు పేరు పేరునా లెక్కపెట్టి, తడి బట్టలు విడిపించి, పొడి తువ్వాలు ఇచ్చి, మిగిలిన పెరుగన్నం పెట్టండి. చంద్రగిరి కోటలో సాయంత్రం ధ్వని, కాంతి ప్రదర్శన ఉన్న రోజైతే, పొద్దున తిరిగిన గోడలనే దీపాల వెలుగులో మళ్లీ చూడవచ్చు. అయితే అప్పటికి పిల్లలు ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోయి ఉంటే, వారిని లేపకుండా నేరుగా ఇంటికి పోనివ్వండి.