ఫోన్ కంపెనీకి సప్లయర్ అట అని వినగానే షేర్ కొనేముందు ఏం చూడాలి

శనివారం రాత్రి పదిన్నరకి మారతహళ్లిలో మా రూమ్‌లో, మెస్ నుంచి తెచ్చుకున్న పెరుగన్నం ఇంకా పూర్తి కాలేదు, మా పిన్ని కొడుకు ఫోన్ తెచ్చి నా ముందు పెట్టాడు. "అన్నా, పెద్ద ఫోన్ కంపెనీకి వీళ్లే కెమెరా అద్దాలు ఇవ్వబోతున్నారట, సోమవారం మార్కెట్ తెరవగానే తీసుకుందామా?" వాట్సాప్ ఫార్వర్డ్. కంపెనీ పేరు, టార్గెట్ రేటు, కింద రాకెట్ బొమ్మలు. వాడు పెడదామనుకున్నది 80 వేలు, అది వాడి చెల్లెలి కాలేజీ ఫీజు డబ్బు.

బెంగళూరులో ఇలాంటి కబుర్లు ఎక్కువే. దేవనహళ్లిలో ఫాక్స్‌కాన్ ఫోన్ ఫ్యాక్టరీ, నరసాపురలో టాటా ఎలక్ట్రానిక్స్‌ది, రాష్ట్రం దాటితే హోసూరు. మన తెలుగువాళ్లలో ఎవరో ఒకరు ఆ లైన్లలో పనిచేస్తూనే ఉంటారు, కాబట్టి "లోపలి మనిషి చెప్పాడు" అనే మాట తేలిగ్గా పుడుతుంది. ఒకటి ముందే చెప్తున్నా, అది నిజంగా బయటికి రాని సమాచారమైతే దాన్ని పట్టుకుని షేర్లు కొనడం మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రూల్స్ ప్రకారం నేరం. అబద్ధమైతే డబ్బు పోతుంది. రెండు రకాలుగానూ దాని జోలికి వెళ్లొద్దు.

ఆ రాత్రి వాడికి నేను చెప్పింది జీటీ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీస్ కథ. అమెరికాలో న్యూహాంప్‌షైర్ కంపెనీ, సఫైర్ అనే గట్టి స్ఫటికాన్ని తయారుచేసే ఫర్నేసులు అమ్ముకునేది. 2013 నవంబర్ 4న ఆపిల్‌తో ఒప్పందం ప్రకటించింది, అరిజోనాలోని మెసాలో ఫ్యాక్టరీ, ఆపిల్ నుంచి విడతలవారీగా 57.8 కోట్ల డాలర్ల ముందస్తు చెల్లింపు. ఐఫోన్ స్క్రీన్ సఫైరే అని అందరూ లెక్కలేసుకున్నారు. 2014 జులైలో, రాబోయే ఐఫోన్‌దని చెప్పిన ముందు అద్దాన్ని కత్తితో గీకినా గీత పడని వీడియో వచ్చింది, ఇక సందేహమే లేదన్నారు. సెప్టెంబర్ 9న ఐఫోన్ 6 వచ్చింది, స్క్రీన్ మామూలు గట్టిపరచిన గాజే. అక్టోబర్ 6న జీటీ దివాలా పిటిషన్ వేసింది. 11 డాలర్ల దగ్గరున్న షేర్ ఒక్క రోజులో డాలర్ లోపుకి వచ్చేసింది.

చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, ప్రమాదమంతా మొదటిరోజు ప్రకటనలోనే రాసి ఉంది. ముందస్తు సొమ్ము 2015 నుంచి ఐదేళ్లలో తిరిగి కట్టాలి, అంటే అది అప్పు. జీటీ కనీస ఉత్పత్తి సామర్థ్యం సిద్ధంగా ఉంచాలి, కానీ ఇంత సరుకు కొంటామని హామీ మాత్రం లేదు. పైగా ఎక్స్‌క్లూజివిటీ షరతులు, వేరేవాళ్లకి ఇష్టమొచ్చినట్టు అమ్ముకోవడానికి లేదు. కాబట్టి "ఒప్పందం కుదిరింది" అన్న వార్త కనిపిస్తే మొదట అడగాల్సింది ఒక్కటే: సరుకు సరిగ్గా రాకపోతే నష్టం ఎవరి నెత్తిన పడుతుంది? దీనికి జవాబు దొరక్కపోతే మిగతావి చూడక్కర్లేదు, అక్కడే ఆగండి.

జవాబు వెతకాల్సింది మన స్టాక్ ఎక్స్ఛేంజ్‌లు బీఎస్ఈ, ఎన్ఎస్ఈ సైట్లలో. కంపెనీ పేరు కొట్టి అనౌన్స్‌మెంట్లు తెరవండి, ముఖ్యమైన ఆర్డర్ వస్తే లిస్టెడ్ కంపెనీ అక్కడ చెప్పి తీరాలి. మార్కెట్ విలువలో మొదటి 250 కంపెనీలైతే, షేర్‌ని బాగా కదిలించిన పుకారుకి 24 గంటల్లో అవునో కాదో చెప్పాలనే రూల్ కూడా ఉంది. చిన్న కంపెనీలకి అది వర్తించదు, ఫార్వర్డులు తిరిగేది ఎక్కువగా ఆ చిన్నవాటి మీదే. ఫార్వర్డ్‌లో ఉన్న కంపెనీది మేం తెరిచిన ప్రకటన రెండే పేజీలు. "శాంపిల్స్ కస్టమర్ పరిశీలనలో ఉన్నాయి" అన్న వాక్యం దగ్గర తమ్ముడి వేలు ఆగింది. ఆర్డర్ విలువ లేదు, ఎప్పటికి ఇవ్వాలో లేదు, కస్టమర్ పేరు లేదు. పేరు లేకపోవడం మామూలే, పెద్ద కంపెనీలు రహస్య ఒప్పందాలు రాయించుకుంటాయి, జీటీ విషయంలో ఒక్కో ఉల్లంఘనకి 5 కోట్ల డాలర్ల జరిమానా ఉండేది. కానీ విలువ, గడువు రెండూ లేకపోతే అది ఇంకా ఆర్డర్ కాదు.

తర్వాత వస్తువు సంగతి. ఇంజినీర్ కానక్కర్లేదు, కాస్త చదివితే చాలు. సఫైర్ అంటే అల్యూమినియం ఆక్సైడ్, పదికి లెక్కేసే కాఠిన్యం స్కేలులో 9, వజ్రం 10. ఉక్కు కత్తి సుమారు 5.5, అంటే గట్టిపరచిన గాజు మీదే దానికి గీత పడదు, ఆ వీడియో సఫైర్‌ని రుజువు చేయనేలేదు. గీతపడకపోవడం, పగలకపోవడం వేరువేరు. నా వాచీకి సఫైర్ అద్దమే, ఐదేళ్లుగా తాళాలతో పాటు ఒకే జేబులో పడి ఉన్నా ఒక్క గీత లేదు, కానీ ఒకసారి బాత్రూమ్ గట్టుకి తగిలి అంచున బియ్యపుగింజంత పెచ్చు లేచిపోయింది. పైగా గాజుకంటే బరువు, కోత కష్టం. జీటీ ఒక్కో దిమ్మని 262 కిలోల సైజులో పెంచాలనుకుంది, రెండు వేల డిగ్రీలు దాటిన వేడిలో వారాల తరబడి, మధ్యలో కరెంటు పోతే ఆ దిమ్మ మొత్తం దండగే. చాలా దిమ్మలు పగుళ్లతో వచ్చాయి. కాబట్టి ల్యాబ్‌లో ఒక ముక్క బాగా వచ్చింది అన్నంత మాత్రాన లక్షల ముక్కలు వస్తాయని కాదు. కాన్‌కాల్ (ఫలితాల తర్వాత మదుపరులతో కంపెనీ మాట్లాడే కాల్) ట్రాన్స్‌క్రిప్ట్‌లో "యీల్డ్", అంటే చేసినవాటిలో ఎన్ని బాగా వచ్చాయి అనే మాట వెతకండి, అంకెతో చెప్పారా, మాట దాటేశారా చూడండి. ఆ కంపెనీ ఈ పని ఇంతకుముందు ఎప్పుడైనా పెద్ద ఎత్తున చేసిందా అన్నది కూడా. జీటీ మిషన్లు అమ్మేది, సరుకు అంత మోతాదులో ఎప్పుడూ చేయలేదు.

యాజమాన్యం ఏం చేస్తోందో ఒక కన్నేయండి. ఐఫోన్ 6 రావడానికి సరిగ్గా ముందురోజు జీటీ సీఈవో తొమ్మిది వేల పైచిలుకు షేర్లు అమ్మాడు, ముందే వేసుకున్న ప్లాన్ ప్రకారమే అన్నారు. 2019లో అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ ఆ కంపెనీ మీదా, ఆయన మీదా మదుపరులను తప్పుదోవ పట్టించారని అభియోగం మోపింది, సెటిల్‌మెంట్‌తో ముగిసింది. మన దగ్గర ప్రమోటర్లు (కంపెనీని నడిపించే అసలు యజమానులు), డైరెక్టర్లు ఒక త్రైమాసికంలో 10 లక్షలు దాటి అమ్మినా కొన్నా ఎక్స్ఛేంజ్‌కి చెప్పాలి. ఇన్‌సైడర్ ట్రేడింగ్ డిస్‌క్లోజర్స్ అని అదే సైట్‌లో కనిపిస్తుంది. ప్రమోటర్లు అప్పు కోసం తాకట్టు పెట్టిన షేర్లు కూడా అక్కడే.

ఇన్నీ చూశాక కూడా కొనాలనిపిస్తే, పోయినా ఇంట్లో ఎవరికీ చెప్పుకోవాల్సిన అవసరం రాని డబ్బుతోనే కొనండి. ఫీజులు, అద్దెలు, ఈఎంఐలు ఇందులోకి రాకూడదు, ఈ ఒక్క విషయంలో తమ్ముడితో గట్టిగానే మాట్లాడాను, కాసేపు అలిగాడు కూడా. ఆ 80 వేలు బ్యాంకులోనే ఉన్నాయి. కంపెనీ ఫలితాల తేదీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకున్నాడు, ఆ రోజు కాల్‌లో శాంపిల్స్ ఏమయ్యాయని ఎవరైనా అడుగుతారేమో వింటాడట.