దేవుని తీర్పును నమ్మే కుటుంబం ఊరిలో ఎలా నడుచుకోవాలి

తీర్పు గురించి ఇంట్లో మాట్లాడదలచినవారు ముందుగా యెహెజ్కేలు గ్రంథం 9వ అధ్యాయాన్ని కుటుంబమంతా కూర్చుని చదవాలి. యెరూషలేములో జరుగుతున్న హేయకృత్యాలకు నిట్టూర్చి మూలిగేవారి నొసట గురుతు వేయమని దేవుడు ఆజ్ఞాపించాడు; శిక్షను మాత్రం తన పరిశుద్ధ స్థలం దగ్గరే మొదలుపెట్టమన్నాడు. తీర్పు దేవుని ఇంటివద్దనే ఆరంభమవుతుందని పేతురు కూడా తన మొదటి పత్రికలో (4:17) రాశాడు. కాబట్టి ఊరివారి పాపాలను లెక్కపెట్టే ముందు మన ఇంటిని, మన సంఘాన్ని పరీక్షించుకోవాలి.

విపత్తు వచ్చినప్పుడు ఈ క్రమాన్ని మరింత జాగ్రత్తగా పాటించాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి, ఉద్దానంలో తరతరాల కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. అటువంటి సమయంలో ‘ఇది ఫలానావారి పాపఫలం’ అనే మాట విశ్వాసి నోట రాకూడదు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతిని ప్రస్తావిస్తూ, వారు యెరూషలేములోని మిగతావారికంటే ఎక్కువ అపరాధులు కారని యేసే చెప్పి, వింటున్నవారినే మారుమనస్సు పొందమన్నాడు (లూకా 13:4, 5). తుపాను వెలిసిన ఉదయం పక్కింటి పైకప్పు చూడండి, తాగునీరు మోయండి, దారికి అడ్డంగా పడిన చెట్లు నరికి తీయండి. ప్రార్థన కూటం సాయంత్రం పెట్టుకోవచ్చు. సాయం అందుకునేవారిని ఏ దేవుణ్ణి కొలుస్తారని అడగవద్దు.

ఇంటిని పరీక్షించుకోవడానికి పాపం వల్ల నాశనమైన సొదొమ పట్టణం గురించి యెహెజ్కేలు ప్రవక్త 16:49లో చెప్పిన మాటలు చాలు: గర్వం, కడుపునిండా తిండి, చీకూచింత లేని సుఖం, దీనులకూ దరిద్రులకూ చేయూతనివ్వకపోవడం. వీటిలో ఒక్కటైనా మన విశ్వాసుల ఇళ్లలో లేదని చెప్పగలమా? జీడిపప్పు పరిశ్రమ నడిపే విశ్వాసి తన దగ్గర పిక్కలు ఒలిచే ఆడవారి కూలిని సకాలంలో, పూర్తిగా చెల్లించాలి; బిగబట్టిన కూలి దేవునికి మొరపెడుతుందని యాకోబు 5:4 హెచ్చరిస్తోంది. ఎన్నికల ముందు రాత్రి ఇంటికి వచ్చే డబ్బును గుమ్మంలోనే తిప్పి పంపాలి. వీటన్నిటికంటే కట్నం దగ్గరే మన మాట ఎక్కువగా తప్పిపోతోంది. చట్టం దానిని 1961లోనే నిషేధించినా, ప్రార్థనతో మొదలైన పెళ్లి మాటలు బేరంతో ముగియడం మనకు తెలియనిది కాదు. పెళ్లిచూపులకు వెళ్లకముందే తల్లిదండ్రులు, పిల్లవాడు కలిసి కట్నం తీసుకోకూడదని నిశ్చయించుకుని, మధ్యవర్తికి ఆ మాట స్పష్టంగా చెప్పి, సంఘ పెద్దల ఎదుట కూడా చెప్పాలి. ‘మేం అడగలేదు, వాళ్లే ఇచ్చారు’ అనే సమాధానానికి చోటు లేకుండా బంగారం, బండి, స్థలం పేరుతో వచ్చేవాటినీ అదే రోజున వద్దనాలి. ముందే చెప్పని నిశ్చయం చుట్టాల ఒత్తిడి ముందు నిలవదు.

బంధువుల్లో సగం మంది హిందువులుగా ఉన్న కుటుంబాలు విజయనగరం ప్రాంతంలో ఉన్నాయి. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి పిలుపు వచ్చినప్పుడు ఏం చేయాలో దానియేలు మొదటి అధ్యాయం నేర్పుతుంది. బబులోను రాజు భోజనంతో తనను అపవిత్రపరచుకోకూడదని దానియేలు నిశ్చయించుకున్నాడు. అయినా ఎవరినీ నిందించకుండా అధికారిని అనుమతి వేడుకున్నాడు. అధికారి భయపడితే, శాకధాన్యాలూ నీళ్లూ మాత్రమే ఇచ్చి పది రోజులు పరీక్షించి చూడమని అతని కింది ఉద్యోగికి వేరే దారి చూపించాడు. మీరూ పండుగకు ముందే వెళ్లి, ‘చిన్నాన్నా, ఇంటికి వస్తాం, చుట్టాలకు వడ్డిస్తాం, నాన్నమ్మ దగ్గర కూర్చుంటాం, పూజలో మాత్రం కూర్చోలేం, ప్రసాదం తీసుకోలేం, మన్నించండి’ అని చెప్పవచ్చు. వారి భక్తిని కించపరచే మాట ఒక్కటీ అనకూడదు. చెప్పినట్టుగా వెళ్లి వడ్డించాలి కూడా.

కుటుంబ ప్రార్థనలో వారానికి ఒక్క రోజైనా ఊరికోసం కేటాయించండి. సొదొమ కోసం అబ్రాహాము యాభై మంది నీతిమంతులతో మొదలుపెట్టి పది మంది వరకూ దేవుణ్ణి బతిమాలాడు. దానియేలు 9వ అధ్యాయంలో తన జనుల అపరాధాన్ని ఒప్పుకుంటూ ‘మేము పాపం చేశాం’ అని తననూ వారిలో చేర్చుకున్నాడు. మన సారా దుకాణం, మన అప్పుల గొడవలు, మన కులపు గోడలు అంటూ ప్రార్థిస్తే నోటికి తీర్పరితనం అలవాటు కాదు.

హైదరాబాదుకో చెన్నైకో పనికి వెళ్లే పిల్లలను, వేట కోసం గుజరాత్ తీరానికి వెళ్లే తమ్ముళ్లను పంపేటప్పుడు యిర్మీయా 29వ అధ్యాయం చదివి పంపండి. బబులోనుకు చెరపట్టబడినవారికి అక్కడే ఇళ్లు కట్టుకోమనీ, తోటలు నాటుకోమనీ, ఆ పట్టణ క్షేమం కోసం ప్రార్థించమనీ దేవుడు చెప్పాడు. వెళ్లిన మొదటి ఆదివారమే దగ్గరలోని సంఘానికి వెళ్లమని, గదిలో ఉండే తోటి పనివారిలో ఎవరికైనా జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకువెళ్లమని, ఆ ఆదివారం సాయంత్రం ఇంటికి ఫోను చేసి అక్కడివారి పేర్లు చెప్పమని వారిని అడగండి. ఆ పేర్లను ఇంటి ప్రార్థనలో చేర్చుకోండి.