శ్రీకాకుళంలో నెల రోజులకు లాడ్జి గది

యాప్‌లో రోజు రేటు చూసి బెంగపడొద్దు. ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండ్) చుట్టుపక్కల లాడ్జీలకు నేరుగా వెళ్లి, కౌంటర్ కుర్రాడితో కాకుండా ఓనరుతోనో మేనేజర్‌తోనో నెల రేటు మాట్లాడాలి. జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది అప్పుడే తేల్చుకోండి. ఊరికి దూరంగా రైల్వే స్టేషన్ ఉన్న ఆమదాలవలసలో చవగ్గా దొరికిందని అక్కడే దిగిపోతే, మిగిలిందంతా ఊళ్లోకి రాకపోకలకే సరి.

నెల ఖాయం చేసుకునే ముందు ఒక్క రాత్రి రోజు రేటుకే ఉండి చూడాలి. తెల్లవారుజామున బస్సుల హారన్ల మోత, ఉదయం ఏడింటికి అందరూ స్నానాలకు దిగినప్పుడు కుళాయి ధార దారంలా సన్నబడటం, ఇవి పగలు గది చూస్తే తెలియవు. ఏసీ లేకపోతే పై అంతస్తు అసలొద్దు. మే నెలలో పగలంతా కాగిన శ్లాబు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతుంది. ఏసీకి కరెంటు విడిగా అంటే, చేరిన రోజే సబ్‌మీటర్ రీడింగ్ ఫొటో తీసి మేనేజర్‌కి వాట్సాప్‌లో పెట్టండి.

డబ్బు వారం వారం కట్టి రసీదు తీసుకోవాలి. నెలంతా ముందే కడితే గీజర్ పాడైనా పట్టించుకోరు. రథసప్తమికి అరసవల్లి సూర్య దేవాలయానికి వచ్చే జనంతో గదులు దొరకవు. ఆ రోజుల్లోనూ గది ఖాళీ చేయించబోమని, రేటు పెంచబోమని రసీదు మీదే రాయించుకోండి.