నిజమైన దెబ్బలాటలో పనికొచ్చేలా మార్షల్ ఆర్ట్స్ సాధన ఎలా చేయాలి?

ఏళ్ల తరబడి క్లాసుకు వెళ్లి, బెల్టు మీద బెల్టు తెచ్చుకుని, తీరా ఎవడైనా కాలర్ పట్టుకుని గోడకు నెట్టేసరికి కాళ్లూ చేతులూ ఆడని వాళ్లను చాలామందిని చూశాను. వాళ్లేమీ బద్ధకస్తులు కాదు. వాళ్ల పంచ్‌లో, కిక్‌లో కూడా తప్పు లేదు. అడ్డుకునే మనిషి మీద దాన్ని ఎప్పుడూ ప్రయత్నించలేదు, అంతే. కరాటే అయినా, బాక్సింగ్ అయినా, కుస్తీ అయినా కింద చెప్పిన వరుసలోనే చేయండి. వరుస మార్చకండి.

1. సామాన్లు

మౌత్‌గార్డ్, గ్రోయిన్ గార్డ్, చేతికి చుట్టుకునే పట్టీలు, 16 ఔన్సుల గ్లవ్స్, కిక్‌లు ఉంటే షిన్ గార్డ్‌లు. ఇవి చాలు. 10 ఔన్సుల గ్లవ్స్‌తో పార్ట్‌నర్ ముఖం మీదకు పోవద్దు. మౌత్‌గార్డ్ వేడినీళ్లలో మెత్తబడ్డాక పళ్లకు అచ్చు తీసుకునే రకమే కొనండి.

హెడ్‌గేర్ పెట్టుకుంటే పెట్టుకోండి, కానీ దాన్ని నమ్ముకుని గట్టి దెబ్బలు తినొద్దు. చర్మం చిట్లకుండా అది కాపాడుతుంది గానీ, పుర్రె లోపల మెదడు కుదుపును ఆపలేదు. 2016 రియో ఒలింపిక్స్‌లో మగవాళ్ల బాక్సింగ్ హెడ్‌గేర్ లేకుండానే జరిగింది.

2. కొన్నే నేర్చుకోండి

మొదటి ఆరు నెలలూ జాబ్ (ముందు చేత్తో సూటి పంచ్), క్రాస్ (వెనక చేత్తో సూటి పంచ్), తొడ మీద కొట్టే లో కిక్, ఒక టేక్‌డౌన్ (ఎదుటివాణ్ని కింద పడేయడం), ఎదుటివాడి టేక్‌డౌన్‌ను అడ్డుకోవడం, కిందపడితే లేచి నిలబడటం. ఇవి తప్ప ఇంకేమీ వద్దు. గాల్లో తిరిగి కొట్టే కిక్‌లు చూడటానికి బాగుంటాయి. వాటిని ఇప్పుడు ముట్టుకోకండి.

3. ప్యాడ్ల మీద కొట్టండి

రెండు నిమిషాల రౌండ్లు, మధ్యలో నిమిషం విరామం. కొట్టిన చెయ్యి వెంటనే దవడ దగ్గరకు రావాలి. కొట్టేటప్పుడు ఊపిరి వదలాలి. ప్యాడ్ పట్టినవాడు అప్పుడప్పుడూ ఆ ప్యాడ్‌తోనే మీ తల వైపు ఒకటి విసరాలి, లేకపోతే రెండో చెయ్యి కిందకు జారిపోతుంది. ఈ దశ గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు, ఎవరైనా నేర్పుతారు.

4. ఎదిరించే మనిషి మీద చేయడం

అందరూ పాడుచేసేది ఇక్కడే. సగం మంది ఈ దశకే రారు. మిగతా సగం మంది మొదటి వారంలోనే గ్లవ్స్ తొడుక్కుని ఒకరి తల ఒకరు పగలగొట్టుకుని, దాన్ని స్పారింగ్ (ఇద్దరూ తలపడే సాధన పోరు) అనుకుంటారు.

ముందు పార్ట్‌నర్ గురించి. అబద్ధపు పార్ట్‌నర్లు రెండు రకాలు. మీరు చెయ్యి వేయగానే తనంతట తనే పడిపోయేవాడు మొదటి రకం. వీడితో చేస్తే మీ పట్టు బ్రహ్మాండంగా ఉన్నట్టు కనిపిస్తుంది. వాపును చూసి బలుపు అనుకోవడమే అది. రెండో రకాన్ని ఎవరూ గుర్తుపట్టరు. మీరు ఏం చేయబోతున్నారో ముందే తెలుసు కాబట్టి దానికి తగ్గట్టు బిగుసుకుని నిలబడి "నీది పని చేయట్లేదు" అనేవాడు వాడు. వచ్చేది ఏమిటో తెలిస్తే ఎవరైనా ఆపగలరు. అందుకే దాడి చేసేవాడి చేతిలో ఎప్పుడూ కనీసం రెండు దారులు ఉండాలి. జాబ్ కొట్టవచ్చు, లేదా కాళ్ల మీదకు దూకవచ్చు. అప్పుడే అవతలివాడు నిజాయితీగా అడ్డుకుంటాడు.

ఎదురింపు పెంచే వరుస ఇది. మొదట పార్ట్‌నర్ కేవలం జాబ్ కొడతాడు, ఎప్పుడు కొట్టాలో అతని ఇష్టం. మీరు తిరిగి కొట్టరు. కదలండి, తప్పించుకోండి, చేత్తో పక్కకు నెట్టండి. కొత్తవాళ్లందరికీ పంచ్ వస్తుంటే కళ్లు మూతపడతాయి, ముఖం పక్కకు తిరుగుతుంది, ఊపిరి బిగుస్తుంది. ఈ మూడూ పోయేదాకా రెండో మెట్టు వద్దు. ఎన్ని వారాలు పట్టినా సరే. తొందరపడి ముందుకెళ్లినవాళ్లు కళ్లు మూసుకుని చేతులు ఊపడం అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటు మాన్పించడం కొత్తగా నేర్పడం కంటే కష్టం.

రెండో మెట్టులో ఇద్దరి లక్ష్యాలు ఒకదానికొకటి అడ్డంగా ఉండాలి. ఒకరు కింద పడేయాలి, మరొకరు నిలబడే ఉండాలి. ఒకరు గోడకు ఆనించి పట్టుకోవాలి, మరొకరు బయటపడాలి. లక్ష్యం నెరవేరగానే ఆపి మళ్లీ మొదలుపెట్టండి. నా లెక్కలో నిజమైన నేర్పంతా వచ్చేది ఇక్కడే, పూర్తి స్పారింగ్‌లో కాదు. మూడో మెట్టు అన్నీ కలిపిన స్పారింగ్. దాన్ని కూడా తేలికగా మొదలుపెట్టండి.

తేలిక అంటే నెమ్మది కాదు. వేగం ఉండాలి, ఒంటి బరువు వేయకూడదు. గ్లవ్ ముఖాన్ని తాకాలి, తల మాత్రం వెనక్కి పోకూడదు. తల వెనక్కి పోయిందంటే గట్టిగా తగిలినట్టే, వాదన అక్కర్లేదు. పొట్ట మీద, తొడల మీద ఇంకాస్త గట్టిగా కొట్టుకోవచ్చు.

ఇద్దరు మంచి స్నేహితులు తేలికగా మొదలుపెట్టినా, ఒక నిమిషం గడిచేసరికి పళ్లు బిగించి కొట్టుకుంటుంటారు. ఇద్దరూ "వాడే ముందు పెంచాడు" అంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నామనుకుంటారు. మనం వేసే దెబ్బ ఎలా ఉంటుందో మెదడు ముందే అంచనా వేసుకుంటుంది, అందుకే దాని బలం మనకు తక్కువగా అనిపిస్తుంది. మనకు తగిలిన దెబ్బ పూర్తిగా తెలుస్తుంది. సమానంగా కొడుతున్నామనుకుంటూనే ఇద్దరూ పెంచుకుంటూ పోతారు. దీనికి ఒక్కటే మందు. ఎంత గట్టిగా కొట్టాలో కొట్టేవాడు కాదు, తిన్నవాడు నిర్ణయించాలి. "తగ్గించు" అనగానే సగానికి తగ్గాలి. ఎందుకని అడగకూడదు, నవ్వకూడదు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడే వాతావరణం ఉన్న చోట నేర్చుకోవద్దు. అలాంటి చోటు వదిలేసి ఇంకొకటి వెతుక్కోండి.

తలకు దెబ్బ తగిలాక తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, మాట తడబడటం, వెలుతురు చూడలేకపోవడం, ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు సాధన ఆపేయాలి, డాక్టర్‌కు చూపించాలి. లక్షణాలన్నీ పోయి, డాక్టర్ సరేననేదాకా తల మీద ఒక్క దెబ్బ కూడా పడకూడదు. మొదటి దెబ్బ మానకముందే తగిలే రెండోది చాలా ప్రమాదం. స్పృహ తప్పించని చిన్న దెబ్బలు కూడా ఏళ్ల తరబడి పేరుకుంటే మెదడుకు చెరుపే. గట్టి దెబ్బలు తింటే రాటుదేలుతామని చెప్పే కోచ్ మాట వినకండి. మెదడు రాటుదేలదు.

మెడ, కీళ్ల మీద వేసే పట్టుల విషయంలో ట్యాప్ (ఇక చాలని చేత్తో తట్టడం) తొందరగా చేయండి. మెడ రెండు వైపులా రక్తనాళాలు సరిగ్గా నొక్కుకుంటే కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. మడమ పట్టి మెలితిప్పే హీల్ హుక్‌లో నొప్పి తెలిసేలోపే మోకాలి లిగమెంట్ తెగిపోవచ్చు. అందుకే కొత్తవాళ్లు దాన్ని అసలు వేయకూడదు. చేతులు ఇరుక్కుంటే నోటితో చెప్పండి. ట్యాప్ వినగానే వదలని వాడితో మళ్లీ ఎప్పుడూ చేయకండి.

"మా విద్య ప్రాణాంతకమైనది, కాబట్టి స్పారింగ్ చేయలేం" అనేవాళ్లు ఉంటారు. కళ్లు పొడవడం, గొంతు మీద కొట్టడం వగైరా. దీనికి జిగొరో కనో ఎప్పుడో జవాబు చెప్పాడు. 1882లో జూడో మొదలుపెట్టినప్పుడు, పాత జుజుత్సులోని ప్రమాదకరమైన వాటిని రందోరి నుంచి, అంటే ఇద్దరూ స్వేచ్ఛగా తలపడే సాధన నుంచి, పక్కన పెట్టాడు. మిగిలినవి రోజూ పూర్తి బలంతో, ఎదిరించే మనిషి మీద చేయడానికి వీలైంది. రోజూ నిజంగా చేయగలిగిన మామూలు విసురు, ఎప్పుడూ చేయలేని ప్రాణాంతకమైన దెబ్బ కంటే ఎక్కువ పనికొస్తుంది. కనో స్థాపించిన జూడో పాఠశాల కొడోకాన్‌లో నేర్చుకున్న మిత్సుయో మయెదా ఆ విద్యను బ్రెజిల్ తీసుకెళ్లాడు. ఆ మూలం నుంచి వచ్చిన జుజిత్సుతోనే 1993లో వేర్వేరు విద్యలవాళ్లు తలపడిన మొదటి యూఎఫ్‌సీ పోటీలో బ్రెజిల్‌కు చెందిన హోయిస్ గ్రేసీ ఒకే రాత్రి మూడు పోరాటాలు గెలిచాడు. అప్పటికి అతను ఆ పట్లు ఎదిరించే మనుషుల మీద ఎన్నో ఏళ్లు చేసి ఉన్నాడు.

5. పరిస్థితులు మార్చండి

తేలిక స్పారింగ్ బాగా కుదిరాక మామూలు బట్టలు, బూట్లు వేసుకుని చేయండి. గోడ పక్కన, ఇరుకులో, వెలుతురు తక్కువున్న చోట చేయండి. బాగా పరుగెత్తి దమ్ము అయిపోయాక చేయండి. ఇద్దరు మీదకొచ్చే సాధనలో లక్ష్యం గెలవడం కాదు, ఇద్దరి మధ్యలో చిక్కకుండా తలుపు దాకా చేరడం. గ్లవ్స్ లేకుండా బిగించిన పిడికిలితో తల మీద కొడితే చిటికెన వేలి వైపు ఎముక విరిగే అవకాశం ఎక్కువ, కాబట్టి బ్యాగ్ మీద అరచేతి అడుగు భాగంతో, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగంతో, కొట్టడం కూడా సాధన చేయండి. కత్తి చూస్తే పరుగెత్తాలి. కత్తి లాక్కోవడం ఒక గంట క్లాసులో నేర్పుతామనే వాళ్లకు డబ్బు ఇవ్వకండి.

వారానికి మూడు రోజులు చాలు. రెండు రోజులు లక్ష్యాలు పెట్టుకుని చేసే రౌండ్లు, ఒక రోజు తేలిక స్పారింగ్. గట్టి స్పారింగ్ పోటీలకు వెళ్లేవాళ్లకే, అదీ అరుదుగా, కోచ్ కళ్లెదుటే. మిగతావాళ్లకు దాని అవసరమే లేదు. ప్రతి స్పారింగ్‌నూ ఫోన్‌లో వీడియో తీసుకుని అదే రోజు చూసుకోండి. చెయ్యి ఎక్కడ కిందకు జారుతోందో చూసి, మరుసటి సాధనలో మొదటి రెండు రౌండ్లూ దాని మీదే పెట్టండి.