ఎదురెదురు అద్దాల మధ్య వెలుగును పరిశీలించే విధానం

రెండు అద్దాలను ఎదురెదురుగా నిలబెడితే అంతులేని సొరంగం కనిపిస్తుందని చాలామంది ఆశిస్తారు కాని, మధ్యలో తల పెట్టి చూసేవారికి సొంత ముఖమే అడ్డు వచ్చి, అసలు చూడవలసినదంతా దాని వెనుక దాగిపోతుంది. అందువల్ల మొదట చేయవలసిన పని చూపుకు దారి ఏర్పరచడం. ఒకే కొలత గల రెండు సమతల దర్పణాలు తీసుకుని, ఒకదాని వెనుక మధ్య భాగంలో చిటికెన వేలి గోరంత మేర రంగునూ లోహపు పూతనూ బ్లేడుతో జాగ్రత్తగా గీకివేసి, ఆ రంధ్రం గుండా వెనుక నుంచి చూడాలి. ఫోన్ కెమెరాను కూడా అక్కడే ఆనించవచ్చు.

అద్దాలను 30 సెంటీమీటర్ల ఎడంలో నిలబెట్టి, నాలుగు మూలల వద్దా స్కేలుతో దూరం కొలవండి. ఈ కొలతలో తొందరపడకూడదు. అద్దం వెడల్పు కూడా 30 సెంటీమీటర్లయితే, రెండు అంచుల వద్ద దూరంలో కేవలం 5 మిల్లీమీటర్ల తేడా ఉన్నా అద్దాల మధ్య సుమారు 1 డిగ్రీ కోణం ఏర్పడుతుంది. అప్పుడు ప్రతి రెండు పరావర్తనాలకూ ప్రతిబింబం 2 డిగ్రీల చొప్పున తిరుగుతూ పోయి, సొరంగం వంగి అంచు చాటుకు తప్పుకుంటుంది. అది ఏ వైపు వంగుతుందో ఆ వైపు అద్దాలు దగ్గరగా ఉన్నాయని అర్థం. అక్కడ కొద్దిగా ఎడం పెంచి, మడిచిన కాగితం ముక్కను ఆధారంగా పెడితే సరిపోతుంది. 1960లో థియోడోర్ మైమన్ మొదటి లేజర్‌ను తయారు చేసినప్పుడు కెంపు కడ్డీ రెండు చివరలకూ వెండి పూత పూశారు. వెలుగు పక్కకు జారిపోకుండా ఇటూ అటూ తిరగాలంటే ఆ చివరలు సమాంతరంగా ఉండవలసిందే.

ఇప్పుడు ఒక అగ్గిపెట్టెకు ఒక వైపు ఎర్ర కాగితం, ఎదుటి వైపు నీలి కాగితం అంటించి, రంధ్రం లేని అద్దానికి 10 సెంటీమీటర్ల దూరంలో, ఎర్ర వైపు ఆ అద్దానికేసి ఉండేలా, చూపుకు కొంచెం కింద పెట్టండి. అద్దం వెనుక 10 సెంటీమీటర్ల లోతున ఎర్ర ముఖం, 50 వద్ద నీలి ముఖం, 70 వద్ద మళ్లీ ఎరుపు, 110 వద్ద నీలం కనిపిస్తాయి. ఎడాలు సమానంగా లేకపోవడం పొరపాటు కాదు. పెట్టె నుంచి ఒక్కొక్క అద్దానికి ఉన్న దూరానికి రెట్టింపులు, అంటే 40, 20, ఒకదాని తరువాత ఒకటిగా వస్తున్నాయి. పెట్టెను సరిగ్గా మధ్యకు జరిపితే ఎడాలన్నీ 30 అవుతాయి. నాకు ఈ ప్రయోగంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, ఎందుకంటే గజిబిజిగా తోచిన దృశ్యం వెనుక ఉన్న లెక్క ఇక్కడ కంటికే కనిపిస్తుంది.

ఇక లోతుకు పోయేకొద్దీ చీకటి ఎందుకు కమ్ముతుందో చూడాలి. అద్దం తన మీద పడిన వెలుగులో నూటికి 90 పాళ్లు తిప్పి పంపుతుందనుకుంటే, 10 పరావర్తనాల తరువాత 35 పాళ్లు, 20 తరువాత 12 పాళ్లు, 50 తరువాత అర పాలు మాత్రమే మిగులుతుంది. పైగా పూత గాజు వెనుక ఉంటుంది కనుక, 4 మిల్లీమీటర్ల అద్దంలో ప్రతి పరావర్తనానికీ వెలుగు 8 మిల్లీమీటర్ల గాజును దాటుతుంది. 50 సార్లకు అది 40 సెంటీమీటర్ల గాజు. మామూలు గాజులో స్వల్పంగా ఉండే ఇనుము ఎరుపును ఎక్కువగా పీల్చుకోవడంతో ఆకుపచ్చ ఛాయ మిగులుతుంది. పెట్టె స్థానంలో తెల్ల కాగితం నిలబెట్టి, గదిలో వెలుగు బాగా ఉన్నప్పుడు ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే, తెలుపు ఏ ప్రతిబింబం దగ్గర పచ్చబడడం మొదలైందో లెక్కపెట్టవచ్చు.