పూలకుండీ పాము – మూడో పాఠం: కుండీ ఎత్తి చూడటం

పోయిన పాఠంలో వానపాముకీ గుడ్డిపాముకీ తేడా చెప్పుకున్నాం. వానపాముకి ఒంటి నిండా ఉంగరాలు, జిగురు. గుడ్డిపాముది పొడి ఒళ్లు, నూనె రాసినట్టు మెరుపు, మధ్యమధ్యలో ఆడించే నాలుక. ఈ గుడ్డిపామే మన పూలకుండీ పాము. ఇక దాన్ని వెతుకుదాం.

తొలకరి పడ్డాక రెండు మూడు రోజులు ఆగి, పొద్దున్నే మొదలుపెట్టండి. ఎండాకాలంలో అయితే నడుం నొప్పే మిగులుతుంది, అది తేమ వెంట లోతుకి దిగిపోయి ఉంటుంది. నెలల తరబడి కదపని కుండీ చూసుకుని, అవతలి అంచు లేచేలా మీ వైపుకి వంచండి. అప్పుడు కుండీయే మీకు అడ్డు. కింద తేలున్నా అటే పోతుంది.

మొదటిసారి మా మందార కుండీ కింద జానెడు కూడా లేని నల్లటి తాడుముక్క కనిపించింది. తల ఏదో, తోక ఏదో అర్థం కాలేదు. అరచేతిలోకి తీసుకోగానే చురుక్కుమంది. కరిచిందనుకుని విదిలించేశాను. తీరా చూస్తే అది తోక చివరి ముల్లు. మట్టిలో ఊతం కోసం దాన్ని గుచ్చుకుంటుందట. ఈ పాముకి విషం లేదు, మనల్ని కరిచేంత నోరూ లేదు. భూతద్దంలో చూస్తే కళ్లు పొలుసు కింద రెండు నల్ల చుక్కలు, అంతే.

అయినా మీరు నాలా తొందర పడకండి. మన దగ్గర సన్నటి పగడపు పాము కూడా ఉంది, దానికి విషం ఉంది. దాని తల నల్లగా, తోక మీద రెండు నల్ల పట్టీలతో ఉంటుంది. పొట్ట కింద అడ్డంగా వెడల్పాటి పొలుసులుంటాయి. గుడ్డిపాముకి వీపూ పొట్టా ఒకేలాంటి చిన్న పొలుసులే. ఖాయం చేసుకునేదాకా చేత్తో ముట్టుకోకుండా ఆకు మీదకి ఎక్కించి చూడండి.

విశాఖపట్నంలో పాముల్ని సేకరించిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో అచ్చువేసిన పుస్తకంలో గుడ్డిపాముకి తెలుగువాళ్లు చెప్పిన ‘రెండు తలల పాము’ పేరే ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించాడు. ఆ బొమ్మను బట్టే 1803లో శాస్త్రీయ నామం పెట్టారు. (ఇప్పుడు పోలీసు కేసుల్లో వినపడే రెండు తలల పాము వేరు, అది ఇసుకలో ఉండే పెద్దది.) కుండీ మట్టితో పాటు ఓడలెక్కి ఇది దేశదేశాలూ తిరిగింది. జంట అక్కర్లేదు, అన్నీ ఆడవే! ఒక్కటి చేరినా గుడ్లు పెడుతుంది, వాటినుంచి మళ్లీ ఆడపిల్లలే.

మరి పెంచడం? డబ్బాలో వద్దు. అటవీశాఖని అడక్కుండా పామును బంధించడం చిక్కే. పైగా అది తినేది చీమల, చెదల గుడ్లూ పిల్లపురుగులూ. రోజూ ఎక్కణ్ణుంచి తెస్తారు? కుండీలోనే ఉంచుకోండి. చీమల మందు చల్లొద్దు, చల్లితే దాని తిండి పోయినట్టే. మట్టి మీద ఎండుటాకులు పరచండి, అడుగు తడి ఆరనివ్వకండి. నీళ్లు మాత్రం నిలవ ఉండకూడదు, ఊపిరాడక బయటికొచ్చి బాత్‌రూమ్ తూములో తేలుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్ల టెన్షన్ మీరే పడాలి.

చూడటం అయిపోయాక తడిమట్టి మీద వదిలి, కుండీని యథాస్థానంలో మెల్లగా దించండి. అంచు కింద అది నలగకుండా ముందు మట్టిలోకి దూరనివ్వండి. పది అంకెలు లెక్కపెట్టేలోపే మాయమవుతుంది.