రద్దీ వేళ తప్పించి తక్కువ ఛార్జీకి ప్రయాణించడం ఎలా?

కొన్ని నగరాల్లో మెట్రో ఛార్జీ దూరాన్ని బట్టే కాదు, వేళను బట్టి కూడా మారుతుంది. ఆఫీసు వేళల్లో ఎక్కువ, మిగతా సమయంలో తక్కువ. రద్దీని కాస్త అటూ ఇటూ జరపాలన్నది రవాణా సంస్థల ఆశ. దీనివల్ల మీకు లాభమో కాదో ఇలా తేల్చుకోండి.

1. ముందు ఏ నిమిషాన్ని లెక్కలోకి తీసుకుంటారో చూడండి. చాలామంది పొరబడేది ఇక్కడే. లండన్‌లో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 6:30–9:30, సాయంత్రం 4–7 రద్దీ వేళలు. స్టేషన్‌లోకి వెళ్తూ కార్డు తాకించిన సమయమే లెక్క. 9:29కి తాకిస్తే, దిగేది పదింటికైనా ఎక్కువ ఛార్జీయే పడుతుంది. సింగపూర్‌లో 2013లో తెచ్చిన పథకంలో మాత్రం బయటికొచ్చిన సమయం చూసేవారు. నగరం నడిబొడ్డున ఎంపిక చేసిన స్టేషన్లలో 7:45 లోపు బయటపడితే ప్రయాణం ఉచితం. రైలు ఆలస్యమైతే టెన్షన్ మాత్రం ప్రయాణికుడిదే! 2017 చివర్లో ఉచితం తీసేసి, రైలెక్కే సమయాన్ని బట్టి రాయితీ ఇవ్వడం మొదలుపెట్టారు.

2. మీ దగ్గర నెల పాస్ ఉందా? దానికి వేళల తేడా లేకపోతే ఈ లెక్కలతో మీకు పనిలేదు. లేదంటే ఒక ట్రిప్పులో మిగిలేదాన్ని నెలలో మీరు నిజంగా వెళ్లే రోజులతో గుణించండి.

3. ఇప్పుడు అసలు పని: పని వేళ మార్చుకోవచ్చా అని ఆఫీసులో అడగండి. సింగపూర్‌లో టికెట్ పూర్తిగా ఉచితం చేసినా, వేళ మార్చుకున్నది సుమారు 7 శాతం మందే. లండన్‌లో 2024లో మూడు నెలలపాటు శుక్రవారాలు రద్దీ ఛార్జీ ఎత్తేస్తే ప్రయాణికుల సంఖ్యలో చెప్పుకోదగ్గ మార్పే రాలేదు. పిల్లల బడి గంట, షిఫ్టు, పొద్దున్నే పెట్టే మీటింగు... వీటి ముందు నాలుగు డబ్బుల రాయితీ ఏపాటిది? అందుకే రోజూ కావాలని పట్టుబట్టకండి. వారంలో రెండు రోజులు ముందొచ్చి ముందే వెళ్తానని అడిగితే ఒప్పుకునే వీలు ఎక్కువ.

4. హద్దుకు అంటుకుని ప్లాన్ చేయకండి. ఛార్జీ తగ్గే నిమిషం కోసం గేటు దగ్గర మీలాంటి వాళ్లే కాచుక్కూర్చుంటారు, ఆ వెంటనే వచ్చే రైలు కిక్కిరిసిపోతుంది. పది నిమిషాలు తేడా పెట్టుకోండి.

5. తిరుగు ప్రయాణం వేళ కూడా చూసుకోండి. పొద్దున మిగిల్చినా, సాయంత్రం ఐదింటికి బయల్దేరితే ఆ ట్రిప్పుకు పూర్తి ఛార్జీయే కట్టాల్సి రావచ్చు.